పాముకాటు వైద్యుణ్ణి తిట్టి లాభం లేదు

ఈశాన్య వానలు పట్టి, పొలాల్లో నీళ్లు నిలిచే రోజులు వచ్చాయంటే నెల్లూరు జిల్లా కోస్తా పల్లెల్లో పాము భయం మొదలవుతుంది. పుట్టల్లోను, బొరియల్లోను నీళ్లు చేరి పాములు గట్లెక్కుతాయి. అదే గట్టు మీద రొయ్యల గుంటకు రాత్రి కాపలా కాచే కూలీ పడుకుని వుంటాడు. సరుగుడు తోపులో పుల్లలు ఏరే ఆడకూతురు చెప్పులు లేకుండా నడుస్తుంటుంది. కాటు పడితే మొదట గుర్తుకు వచ్చేది ఆసుపత్రి కాదు, పాముకాటు వైద్యుడు.

ఆ వైద్యుణ్ణి మోసగాడని తీసిపారేయటం చదువుకున్నవారికి పరిపాటి అయింది. అది న్యాయం కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వచ్చే మనిషి ఊళ్లో ఇంకెవరున్నారు? డబ్బు పుచ్చుకుంటే మందు పారదన్న నమ్మకంతో చాలామంది వైద్యులు కాసు ముట్టరు. ఈశ్వరి వేరు, నేలవేము వంటివి సమయానికి తవ్వి తెచ్చి, ఎండబెట్టి, దాచి వుంచుతారు. వేపాకు నమిలించి చేదు తెలుస్తున్నదా అని అడుగుతారు. చేదు తెలియకపోతే విషం తలకెక్కిందని లెక్క. తండ్రి కొడుక్కి, మామ అల్లుడికి చెప్పుకుంటూ వచ్చిన విద్య యిది. యానాదుల్లోనూ యీ జ్ఞానం తరాలుగా వుంది. పామును చూడకుండా, అది పాకిన జాడను బట్టి జాతి చెప్పగలవారు వారిలో వున్నారు. ఆయుర్వేదం విషవైద్యాన్ని అగదతంత్రమని ఎనిమిది అంగాల్లో ఒకటిగా పెట్టింది. చరకుడు విషానికి ఇరవైనాలుగు ఉపక్రమాలు చెప్పాడు. అంచేత యిదంతా నిన్న మొన్న పుట్టిన వ్యవహారం కాదు.

అయితే వైద్యుడికి వచ్చిన పేరులో సగం పాములే తెచ్చిపెట్టాయన్న మాట కూడా చెప్పవలసి వుంది. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. నీరుకట్టు, జెర్రిపోతు కరిస్తే ప్రాణం పోదు. నాగుపామైనా ఒక్కొక్కసారి కోర దింపి విషం వదలకుండానే పోతుంది. ఇలాంటివారంతా వేరు నమిలి లేచి కూర్చుంటారు. ఊరంతా వైద్యుని హస్తవాసిని పొగుడుతుంది. నిజంగా విషమెక్కినవాడు చనిపోతే మాత్రం “ఆయుష్షు అంతే” అంటారు. ఆ లెక్క వైద్యుని ఖాతాలో ఎక్కదు.

కట్లపాము సంగతి మరీ దారుణం. నేల మీద పడుకున్నవాణ్ణి నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా వుండవు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆడదు. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. వీటికి వేరు గాని, మంత్రం గాని విరుగుడు కాదు. పైగా ఈశ్వరి వేరులోని ద్రవ్యమే మూత్రపిండాలకు హాని అని యీనాటి పరిశోధన తేల్చింది. సుశ్రుతుడు చెప్పిన కట్టు కూడా బిగించి కడితే కాలు చచ్చుబడే ప్రమాదం వుంది. కాటును కోయకుండా, కట్టకుండా, కాలు కదలనీయకుండా మనిషిని ఆసుపత్రికి చేర్చాలని నేటి డాక్టర్లు చెబుతున్నారు.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి 58,000 మంది. ఈ చావుల్లో పెద్ద వాటా గల రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి చావులు సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కాగితం మీది మాట గుంటగట్టు దాకా రావాలి కదా!

విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, యీ నాలుగింటికీ అదే మందు. మొదటి మోతాదుకే ఎనిమిది నుంచి పది సీసాలు పడతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు సీసాలు పెట్టి మందు వున్నదనటం రోగిని మభ్యపెట్టటమే. రాత్రి డాక్టరు లేని కేంద్రంలో పది సీసాలున్నా ఒకటే, లేకున్నా ఒకటే. తూపిలిపాలెం, దుగరాజపట్నం వంటి కోస్తా పల్లెల నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి చేరేలోగా కాలం మించిపోవచ్చు.

ఆ మందుకు కావలసిన విషాన్ని పక్క రాష్ట్రంలో మహాబలిపురం దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళుల సహకార సంఘం తీసి అమ్ముతున్నది. వారి విద్య వారికి కూడు పెట్టింది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని శాస్త్రజ్ఞులు అంటున్నారు గనుక మన కోస్తా పాముల విషం కూడా తీయించాలి. చట్టప్రకారం అనుమతులిచ్చి ఆ పని యానాదులకే అప్పగిస్తే యిద్దరికీ మేలు. శ్రీహరికోట అడవిని, ఆ దీవిని రాకెట్ల కోసం వదిలి వచ్చిన యానాది కుటుంబాలకు సర్కారు యింకా బాకీ వుంది.

ఇక వైద్యుని మాట. ఆయన తలుపు మూయించే పని పెట్టుకోవద్దు, మూయించినా జనం మరో తలుపు వెతుక్కుంటారు. జిల్లా వైద్యాధికారులు ఆయన్ను పిలిచి కూర్చోబెట్టి, ఏ గుర్తులు కనబడితే ఆలస్యం చేయకూడదో చెప్పాలి. “నా దగ్గర కాదు, ఆసుపత్రికి తీసుకుపో” అన్న మాట ఆయన నోట వస్తే ఊళ్లో కాదనేవాడుండడు. అదే మాట కాంపౌండరు చెబితే నమ్మరు. 108 బండి వచ్చే దారి, రాత్రి మందు దొరికే ఆసుపత్రి పేరు ఆయన యింటి గోడ మీదనే పెద్ద అక్షరాలతో వ్రాయించాలి. వానలు మొదలు కాకముందే ఆ పని జరగాలి.