వయోజనుని ఎదుట పలక పెట్టే ముందు

వయోజన విద్య మన దేశంలో కొత్త మాట కాదు. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం ఆరంభమైంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్, 2009లో సాక్షర భారత్, 2022లో నవభారత సాక్షరతా కార్యక్రమం వచ్చాయి. పేర్లు మారినంత వేగంగా, పెద్దవాని ఎదుట కూర్చొని పాఠం చెప్పే తీరు మాత్రం మారలేదని మా అభిప్రాయం. స్వచ్ఛంద బోధకులుగా బస్తీలకు వెళ్లే మన విద్యార్థులలో చాలామంది తాము ఒకటవ తరగతిలో నేర్చుకొన్న విధంగానే అక్కడ బోధింపబూనుతారు. అది వారి దోషం కాదు. వారికి మరొక విధం ఎవరూ చూపలేదు.

పిల్లవాడు ఎందుకని అడగకుండానే అక్షరాలు దిద్దుతాడు. పెద్దవాడు అట్లా దిద్దడు. పగలంతా కష్టపడి వచ్చిన మనిషి, ఈ గీత వలన తనకు ఒరిగేదేమిటని మనసులోనైనా ప్రశ్నించుకొంటాడు. పైగా అతడు ఏమీ తెలియనివాడై రాలేదు. కూరగాయలమ్మే ఇల్లాలు పావు కిలో, ముప్పావు కిలోల ధర కాగితం లేకుండానే కట్టి, చిల్లర సరిగా లెక్కించి ఇస్తుంది. ఆమెకు కూడికలు నేర్పుతామనడం హాస్యాస్పదం. ఆమె నోటిలో ఉన్న లెక్కను కాగితం మీదికి దించే విధం నేర్పితే చాలు. రెండవ వారానికే తన బాకీల పద్దు తానే రాసుకోగలదు.

బ్రెజిల్ దేశపు విద్యావేత్త పాలో ఫ్రెయిరీ 1963లో ఆంజికోస్ అనే ఊరిలో సుమారు మూడు వందల మంది శ్రామికులకు నలభై గంటల బోధనతో చదవడం, రాయడం నేర్పే ప్రయత్నం చేశాడు. అక్షరమాలతో కాక, వారి నిత్యజీవితంలోని పదంతో ఆరంభించడం ఆయన పద్ధతి. వాటిలో ప్రసిద్ధి కెక్కినది ‘ఇటుక’ అనే అర్థం గల పదం. ఆ పదాన్ని చర్చించి, విడదీసి, అందులోని ఒక్కొక్క అక్షరపు కుటుంబాన్ని పరిచయం చేసి, కొత్త పదాలను అభ్యాసకుల చేతనే కట్టించేవాడు. చదువురాని వారికి ఓటు హక్కులేని ఆనాటి బ్రెజిల్‌లో ఇది చిన్న పని కాదు. 1964లో సైనిక ప్రభుత్వం వచ్చి ఆయనను నిర్బంధించింది.

ఈ పద్ధతి తెలుగుకు ఎంత చక్కగా అతుకుతుందో మనవారు తగినంతగా గమనించినట్లు లేదు. ఆయన చెప్పిన అక్షర కుటుంబమే మన గుణింతం. ‘ఇటుక’ అనే పదం తీసుకొని ట, క గుణింతాలు పరిచయం చేస్తే చాలు: కాటుక, కోక, కేక, కాకి, కాటా, టోకు అన్నీ చదవవచ్చును. తాపీ పనివాడు ఇటుకతోను, బండి మీద సరుకు అమ్మేవాడు కాటాతోను చదువు మొదలుపెడతాడు. అకారాది క్షకారాంతం వల్లె వేయించి, ఆ తరువాత ఎన్నడో పదానికి రావడం పెద్దల ఓపికను పరీక్షించడమే.

పాఠంలోని విషయం ఎంత ముఖ్యమో తెలియాలంటే నెల్లూరు జిల్లాను తలచుకోవాలి. అక్కడి అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ కథ సారాయి వలన చెడిన సంసారాన్ని గూర్చినది. చదివిన స్త్రీలు అది తమ కథయేనన్నారు. 1992లో దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాయిని నిషేధించింది. ఆ పాఠం స్థానంలో కుందేలు, తాబేలు కథ ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చును.

ఇక మన కళాశాలకు ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉన్నది. మన చుట్టుపక్కల బస్తీలలో ఇంటి భాష ఉర్దూ. బస్సు బోర్డు, ఆసుపత్రి చీటీ, రేషను దుకాణపు ప్రకటన తెలుగులో ఉంటాయి. ఏ లిపితో ఆరంభించాలి? మాతృభాషతోనే అని ఉర్దూ శాఖ మిత్రులు, బ్రతుకు తెరువుకు తెలుగే అని మరికొందరు వాదిస్తారు. తెలుగు అధ్యాపకులమైన మేము రెండవ పక్షం వహిస్తామని ఎవరైనా అనుకొంటే పొరబాటు. ఆ నిర్ణయం బోధకునిది గాని, శాఖలది గాని కాదు, నేర్చుకొనేవారిది.

బీడీలు చుట్టే ఒక ఖాలాకు ఖురాన్ చూసి పఠించడం వచ్చి ఉండవచ్చు. ఉర్దూ పుస్తకం మాత్రం చదవలేదు. ఆమెను నిరక్షరాస్యురాలి కింద జమకట్టి అలిఫ్, బే దిద్దించడం అవమానించడమే. ఇరవై ఎనిమిది అరబ్బీ అక్షరాలు ఆమెకు కంఠస్థం. పే, టే, చే, డాల్, గాఫ్ వంటి కొన్నింటిని చేర్చాలి. జబర్, జేర్, పేష్ గుర్తులు లేకుండా అచ్చయ్యే ఉర్దూ పదాన్ని పోల్చుకోవడమే ఆమెకు అసలైన చిక్కు. కాలమంతా దాని మీద వెచ్చించాలి. ఆమె కుమారుడు ఆటో నడుపుతూ ఉంటే అతనికి ముందు తెలుగు బోర్డులే కావాలి. వివరణ ఇద్దరికీ దక్కనీలోనే సాగవచ్చును. రెండు లిపులూ ఒకేసారి నేర్పితే గందరగోళమన్న ఆక్షేపణ సమంజసమే. ఒకదానిలో వాక్యం చదివే శక్తి వచ్చిన పిదపనే రెండవది చేపట్టాలి.

మిగిలినవి చిన్న విషయాలుగా తోచినా తరగతి నిలవడం, చెదరడం వీటి మీదనే ఆధారపడుతుంది. పిల్లల బల్లలలో ఇరికించక చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టాలి. పద్దెనిమిదేండ్ల బోధకుడు చాచా, ఆపా అని పిలిచి మీరు అనాలి. నాలుగు రోజులు రానివారిని హాజరుపట్టీతో నిలదీయకూడదు. పెళ్లిళ్లు, పురుళ్లు, పని ఒత్తిడి పెద్దలకే ఉంటాయి. రమజానులో వేళ మార్చాలి. నలభై దాటినవారు తమకు చదువు ఎక్కడం లేదని విరమించుకొన్నప్పుడు ముందుగా వారి కళ్లను పరీక్షింపజేయాలి. చత్వారాన్ని మందబుద్ధిగా భ్రమించి ఎందరిని ఇంటికి పంపివేశారో!

కనుక కళాశాల కమిటీ వారిని మేము కోరేది ఎక్కువేమీ లేదు. సాయంకాలం ఒక గది, రెండు మంచి దీపాలు, సంవత్సరానికి ఒకసారి కంటి వైద్యుని రాక, బోధకులుగా వెళ్లే విద్యార్థులకు పది రోజుల శిక్షణ. పలకలు కొనడానికి కేటాయించే సొమ్మును ముందు కళ్లజోళ్లకు మళ్లించినా మాకు అభ్యంతరం లేదు.