పాత విమానం బేరం

"సెకండ్ హ్యాండుదైనా ఫర్వాలేదండీ, ప్రభుత్వం దూరాభారాలు పోగల జెట్టు విమానం ఒకటి సొంతంగా కొనేస్తే పీడా వదిలిపోతుంది" అన్నారు మిత్రులొకరు, మొన్న చింతలపూడి బస్టాండు ఎదుట టీ తాగుతూ. ఆయనకు గుర్తొచ్చింది 2022 మే నాటి దావోస్ ప్రయాణం. నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఎక్కిన ప్రత్యేక విమానం ఇంధనం కోసం ఇస్తాంబుల్‌లో దిగింది. అక్కడ ఆలస్యమైందనీ, రాత్రి పది దాటితే జ్యూరిక్‌లో దిగనివ్వరు గనక లండన్ వెళ్ళి మర్నాడు బయలుదేరవలసి వచ్చిందనీ ఆర్థికమంత్రి బుగ్గన వివరణ ఇచ్చారు. మధ్యలో ఆగనక్కరలేని విమానం మనకే ఉంటే ఆ రభస ఉండేదా అని మిత్రుల ప్రశ్న.

ఉండేది కాదు, నిజమే. గల్ఫ్‌స్ట్రీమ్ జీ550 వంటిది ఒక్క బిగిన 12 వేల కిలోమీటర్లు పోగలదు. కానీ ఏ పార్టీ ముఖ్యమంత్రి అయినా ఏడాదికి ఎన్నిసార్లు జ్యూరిక్ వెళతారు? మిగతా రోజులన్నీ గన్నవరం నుంచి ఢిల్లీకీ, విశాఖకే కదా. కొల్లేటి చేపల్ని హౌరా చేర్చే లారీని కొని, అందులో ఏలూరు మార్కెట్టుకు కూరగాయలకు వెళ్ళినట్టుంటుంది.

ఇక పాతది గనక చవక అనే మాట. మా ప్రాంతంలో పాత ట్రాక్టరు కొనే రైతు కూడా ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని వెళతాడు. ఎన్ని గంటలు తిరిగిందో మొదట అడుగుతాడు. రంగు చూసి మోసపోయేది కొత్తవాళ్ళే. విమానానికీ అంతే. ఇంజనులోకి బోరోస్కోపు దించి బ్లేడ్లు చూడాలి. పుట్టిన నాటి నుంచీ ఉన్న లాగ్‌బుక్కుల్లో ఒక్క పుట తగ్గినా ధర పడిపోతుంది. ఇంజనుకు గంటల లెక్కన కట్టే నిర్వహణ ఒప్పందం బకాయి లేకుండా ఉందో లేదో తేల్చుకోవాలి. బొంబార్డియర్ గ్లోబల్ తరహా విమానాలకు 120 నెలల నాడు భారీ తనిఖీ వస్తుంది. పదేళ్ళకు దగ్గరపడ్డ విమానం చవగ్గా దొరుకుతున్నదంటే, ఆ ఖర్చు తప్పించుకునేవాడు అమ్ముతున్నాడేమో అని అనుమానించడం కనీస ధర్మం.

పాతది ఎంత చవకవుతుందో విజయ్ మాల్యా ఎయిర్‌బస్ ఏ319 చూపింది. పన్ను బకాయిలకు జప్తయిన ఆ విమానానికి 2016లో కనీస ధర 152 కోట్లు పెడితే, వచ్చిన ఒకే ఒక్క పాట కోటీ తొమ్మిది లక్షలు! చివరికి 2018లో సుమారు 35 కోట్లకు పోయింది. అన్నాళ్ళూ అది ముంబైలో చోటు ఆక్రమించుకుని కూర్చుంది. ఆ విమానాశ్రయాన్ని అప్పట్లో నడిపినవారు మన జీవీకే వారే. ఎగరని విమానానికి చోటు ఖర్చేమిటో వారికి తెలిసే ఉంటుంది.

2022 దసరా ముందు, తెరాస 12 సీట్ల విమానాన్ని 80 కోట్లకు కొనబోతున్నదని పత్రికలు రాశాయి. పార్టీ విరాళాల సొమ్ము గనక ఆ జోలికి పోను. కానీ ఆ 80 కోట్లు అప్పట్లో సుమారు కోటి డాలర్లు. ఖండాలు దాటే కొత్త జెట్టు ఆ ధరకు రాదు. వస్తే పాతదే రావాలి. పైగా సొంత వాడకపు విమానాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 40 శాతమైంది. పైలట్ల జీతాలు, బీమా, హ్యాంగరు అద్దె, విడిభాగాలు విమానం పాతదని తగ్గవు. ఏనుగు ముసలిదైనా మేత మేతే.

"మీరు ఏది మాట్లాడినా ఎత్తిపోతల పథకం దగ్గరికే తెస్తారు" అని మిత్రులు విసుక్కున్నారు. తెస్తాను. మా చింతలపూడి పేరు పెట్టుకున్న పథకం 2008 నాటిది, ఇంకా పూర్తి కాలేదు. మొదలుపెట్టినవి ముగించలేని ఖజానాకు, కొన్న నాటి నుంచి ఆగని ఖర్చును తగిలించమంటే ఎలా ఊరుకోను?

అయినా కొనక తప్పదంటారా, కొనండి. సంతకానికి ముందు ఆ లాగ్‌బుక్కులు, ఇంజను ఒప్పందం, పదేళ్ళ నిర్వహణ అంచనా శాసనసభలో పెట్టండి. మా ట్రాక్టరు మెకానిక్కు అడిగే నాలుగు ప్రశ్నలైనా అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు.