మస్తూల్ రుద్దడం చిన్న పని కాదు

మొన్న ఆపా ఇంట్లో చిన్న పంచాయితీ. ఇంటర్ చదివే భాంజా సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి హుసేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుంటున్నాడు. వానాకాలం పోటీలకు ముందు వారమంతా మస్తూల్ కడగడం, రుద్దడమేనట. "కష్తీ నడపనీకి పంపినమా, పైపులు తోమనీకి పంపినమా?" అని ఆపాకు గుస్సా. నేను భాంజా వైపే మాట్లాడాను.

మన మెదక్‌లో చెరువు మీద చూసేది పుట్టినే. దానికి మస్తూల్ ఉండదు. తెరచాప పడవలో గాలి జోరంతా మోసేది మస్తూలే. భాంజా నడిపే లేజర్ పడవలో అది ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు అల్యూమినియం గొట్టాలు. పెద్ద పడవల్లోలా పట్టి ఉంచే తీగలుండవు. అందుకే అతుకు దగ్గర, రివెట్ల దగ్గర ఒత్తిడి ఎక్కువ. స్టీల్ రివెట్, అల్యూమినియం, తడి కలిసిన చోట తెల్లటి పొడి పుడుతుంది. గొట్టం పైకి మెరుస్తూనే ఉంటుంది, రంధ్రం చుట్టూ లోహం కరిగిపోతుంటుంది. ఒకరోజు పెద్ద గాలికి అక్కడే విరుగుతుంది.

కాబట్టి మస్తూల్ దించాలి, మంచినీళ్లతో కడగాలి, ప్రతి రివెట్ చుట్టూ వేలు పెట్టి చూడాలి. పాడైనవి తీసి కొత్తవి వేయాలి. పగులుంటే గొట్టమే మార్చాలి. వెల్డింగ్‌తో సరిపెడదామంటే ఆ వేడికి చుట్టూ అల్యూమినియం మెత్తబడుతుంది. మస్తూల్ నిలబెట్టే గుంటలో ఇసుక ఉంటే అరగదీస్తుంది. ఆ గుంటలో నీళ్లు పోసి చూడాలి, మట్టం తగ్గితే పడవలోకి కారుతున్నట్టే.

ఈ పని ఇంకొకరి మీద వదిలేస్తే తన పడవలో లోపం ఎక్కడుందో పిల్లాడికి ఎలా తెలుస్తుంది? పైగా అది సొంత పడవ కాదు, అమానత్. రేపు దాంట్లో ఎక్కేది ఇంకో తల్లి బిడ్డ. ముందు ఒంటెను కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అనే హదీస్ మన పిల్లలకు చెబుతాం. వాళ్లు తాడు పట్టుకుంటే మాత్రం చేతులు మురికి అవుతాయంటాం.

మన ఖాందాన్లలో మెకానిక్‌లు, వెల్డర్లు, రంగులేసేవాళ్లు ఎందరో. వాళ్ల మెహనత్ తోనే మన ఇళ్లు నిలబడ్డాయి. ఆ హునర్‌ను పిల్లల ముందు చిన్నచూపు చూస్తే, పెద్ద చదువులు చదివినా వాళ్లు దేన్నీ హిఫాజత్‌గా చూసుకోరు.

ఆపా గుస్సా ఇంకా పోలేదు. ఇన్షా అల్లాహ్, వచ్చే ఇత్వార్ ఆమెను హుసేన్ సాగర్ ఒడ్డుకు తీసుకెళ్తున్నాను. కొడుకు ఎక్కే పడవ రివెట్లు ఆమే తడిమి చూడాలి.