ఏ సరిహద్దూ దాటని పిల్లలు

భిలాయిలో ఏ ఇంటి తలుపు తట్టినా, ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే తీస్తారు. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరిలో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించే నాటికే శ్రీకాకుళం, కేరళ, బిహార్, బెంగాల్ జనం అక్కడ దిగిపోయారు. రష్యన్ ఇంజనీర్లు పెళ్లాం పిల్లలతో సహా వచ్చి ఉన్నారు. కూలీలు తలదాచుకున్న చోట్లు ఇవాళ పెద్ద పేటలైనా వాటిని క్యాంప్-1, క్యాంప్-2 అనే పిలుస్తున్నారు. ఖుర్సీపార్ సందుల్లో తెలుగు మాట వినపడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. అలాంటి ఊళ్లో 2025 వేసవి నుంచి ‘నువ్వు ఎక్కడివాడివి’ అని పోలీసులు అడుగుతున్నారు.

అక్రమంగా ఉంటున్న బంగ్లాదేశీయులను వెతకడానికి, భిలాయి ఉన్న దుర్గ్ జిల్లా పోలీసులు ప్రత్యేక బృందాన్ని వేశారు. మే నెలలో భిలాయిలోని సుపేలాలో ఒక జంటను నకిలీ పత్రాల కేసులో అరెస్టు చేశారు. తర్వాత ఛత్తీస్‌గఢ్ అంతటా ఇలాంటి బృందాలే వచ్చాయి. దొంగ ఆధార్ తయారుచేయడం నేరమే. సరిహద్దును కాపాడుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. దానిపై ఈ వ్యాసానికి పేచీ లేదు. పేచీ అల్లా ఒక్క చోటే: ఆ జంట చేయి పట్టుకుని ఆరేళ్ల పిల్ల నిలబడి ఉంటే, ఆ క్షణం నుంచి ఆ పిల్ల ఎవరి బాధ్యత?

మన పౌరసత్వ చట్టం ఈ పిల్ల విషయంలో ఒక వింత చేసింది. 1987 జూలై 1కి ముందు ఈ గడ్డ మీద పుట్టడమే చాలు. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అక్రమ వలసదారు అంటే సరైన పత్రాలు లేకుండా దేశంలోకి ప్రవేశించిన విదేశీయుడని, గడువు దాటి ఉండిపోయినవాడని అదే చట్టం చెబుతోంది. సుపేలాలోనో మరో బస్తీలోనో పుట్టిన పిల్ల ఎక్కడి నుంచి ప్రవేశించింది? ఆమె ఏ సరిహద్దూ దాటలేదు. అయినా ఆమె పౌరురాలు కాదు. పైగా 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం కూడా 1946 నాటి పాత చట్టం దారిలోనే నడిచి, తాను విదేశీయుణ్ని కానని రుజువు చేసుకునే భారాన్ని మనిషి మీదే పెట్టింది. ఆరేళ్ల పిల్ల ఏం రుజువు చేస్తుంది? పెద్దల విషయంలోనే చేతిలో ఏ ఆధారమూ లేకుండా ఎవరినిపడితే వారిని పట్టుకుని రుజువు చేసుకోమనడం కుదరదని 2024 జూలైలో ఒక అస్సాం కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

తొందరపడితే ఏమవుతుందో 2025లోనే చూశాం. కేంద్ర హోంశాఖ మే నెలలో పంపిన ఆదేశాల ప్రకారం, తాను భారతీయుణ్నే అని చెప్పుకునేవారి వివరాలను వారి సొంత రాష్ట్రం 30 రోజుల్లో సరిచూసి చెప్పాలి. ఆ ఆదేశాలు వచ్చిన మరుసటి నెలలోనే, బెంగాల్‌లోని బీర్‌భూమ్‌కు చెందిన ఒక గర్భిణిని ఢిల్లీలో పట్టుకుని, భర్తతో, ఎనిమిదేళ్ల కొడుకుతో సహా రోజుల వ్యవధిలో బంగ్లాదేశ్‌కు పంపేశారు. సెప్టెంబరు 26న కలకత్తా హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. సుప్రీంకోర్టు జోక్యంతో ఆ తల్లీ కొడుకులు తిరిగి వచ్చేసరికి డిసెంబరు వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని కొండగావ్‌లో జూలైలో నదియా జిల్లా భవన నిర్మాణ కూలీలను పోలీసులు నిర్బంధించిన ఉదంతం పార్లమెంటు సభ్యురాలు మహువా మొయిత్రా ఎలుగెత్తడంతో బయటికొచ్చింది. ఎంపీ అండ దొరకని కూలీ సంగతి వేరే చెప్పాలా!

ఇంతకీ పిల్లల విషయంలో కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నదే చాలినంత ఉంది. రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరుడికని చెప్పలేదు, ఏ వ్యక్తికైనా అంది. 1996లో అరుణాచల్ చక్మాల కేసులో సుప్రీంకోర్టు దాన్నే గట్టిపరిచింది. అరెస్టయినవారిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలనే 22వ అధికరణం నుంచి శత్రుదేశపు విదేశీయుణ్నీ, ముందస్తు నిర్బంధాన్నీ మాత్రమే మినహాయించారు. 2015 నాటి బాల న్యాయ చట్టం ఆదరణ, రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలంటుంది. బిడ్డ ఏ దేశం బిడ్డ అని ఆ చట్టం అడగదు. అలాంటి కమిటీ ప్రతి జిల్లాలో ఉండాలి కూడా. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మనం 1992 డిసెంబరులో చేరాం. పిల్లలను నిర్బంధించడం చిట్టచివరి మార్గం కావాలని, అదీ వీలైనంత తక్కువ కాలమేనని అందులో ఉంది.

కావలసినవన్నీ ఉన్నా, ఠాణాకూ ఆ కమిటీకీ మధ్య దారి వేసినవారు లేరు. వలసల విభాగం తన ఆదేశాలను తాను రాసుకుంటుంది, స్త్రీశిశు సంక్షేమ శాఖ తనవి తాను రాసుకుంటుంది. 2019 జనవరిలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నిర్బంధ కేంద్రాల మాన్యువల్ నిజానికి అంత చెడ్డదేమీ కాదు. కుటుంబాన్ని విడదీయొద్దని, పాలిచ్చే తల్లులను ప్రత్యేకంగా చూడాలని, పిల్లలను దగ్గరి బడిలో చేర్చాలని, శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని అందులో రాశారు. కానీ అదంతా బిడ్డను లోపల ఎలా ఉంచాలనే దాని గురించే. అసలు ఉంచవచ్చా అన్న ప్రశ్న దగ్గర అది ఆగదు.

భిలాయి నుంచి గంట ప్రయాణంలో, రాయ్‌పూర్ పక్కన మానా ఉంది. ఇవాళ విమానాశ్రయంగానే తెలిసిన ఆ ఊళ్లో 1964లో శరణార్థి శిబిరాలు వెలిశాయి. ఆ ఏడాది జనవరిలో ఖుల్నా, ఢాకాల్లో అల్లర్లు చెలరేగాక తూర్పు పాకిస్తాన్ హిందువులను రైళ్లలో అక్కడికి తెచ్చారు. 1958లో పెట్టిన దండకారణ్య పథకం కింద వారిలో చాలామందిని పరాల్‌కోట్, కొండగావ్, ఉమర్‌కోట్, మల్కన్‌గిరి అడవులకు పంపారు. మనకు సీలేరు అవతలి మల్కన్‌గిరిలో బెంగాలీ ఊళ్లు ఉన్నాయంటే అందుకే. అయితే అందరినీ పంపలేదు. మగదిక్కు లేని ఆడవాళ్లు, అనాథలు, వృద్ధులు, రోగిష్టివాళ్లు నాగలి పట్టలేరని గుర్తించి వేరే జాబితా రాశారు, వారి పోషణ శాశ్వతంగా ప్రభుత్వానిదేనన్నారు. మానాలో వారికోసం విడిగా ఆశ్రమం నడిచింది. దీన్ని స్వర్ణయుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఆ శిబిరాల్లో పడ్డ పాట్లు తక్కువేమీ కావు. దండకారణ్యాన్ని వదిలి 1978లో సుందర్‌బన్‌కు తరలిపోయినవారిని మరుసటి ఏడాది మరిచ్‌ఝాపీలో పోలీసులు ఎలా ఖాళీ చేయించారో చరిత్రలో ఉంది. అయినా, మనుషులను నమోదు చేసుకునేటప్పుడే ‘వీళ్లు తమంతట తాము నిలబడలేరు’ అని రాసుకునే గడి ఒకటి ఆనాటి రిజిస్టరులో ఉంది. బీద ప్రభుత్వం, నాసి టెంట్లు, లక్షల జనం, అన్నింటి మధ్యా ఆ పని జరిగింది. బయోమెట్రిక్ యంత్రాలున్న ఈ కాలపు ప్రత్యేక బృందం చేతి కాగితంలో ఆ గడి పెట్టడం కష్టమా?

ఆ జనాన్ని మనవాళ్లని పిలిచాం, ఇప్పటివాళ్లను చొరబాటుదారులంటున్నాం, తేడా అక్కడుందని కొందరంటారు. పెద్దల విషయంలో ఆ వాదన రాజకీయంగా నడుస్తుందేమో. మూడేళ్ల బిడ్డ చొరబడిందని అనడానికి నోరు రావాలి.

శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు కనుక మనకు బాధ్యత లేదనేది మరో వాదన. థాయ్‌లాండ్ కూడా 1951 ఒప్పందంలో లేదు. అయినా 2019 జనవరిలో అక్కడి ప్రభుత్వ శాఖలు కలిసి, వలస నిర్బంధ కేంద్రాల్లో పిల్లలను ఉంచకూడదని రాతకోతలు చేసుకున్నాయి. అమలులో లోటుపాట్లు ఉన్నాయి గానీ ఏ శాఖ ఏం చేయాలో కాగితం మీదైనా ఉంది. అమెరికాలో వలస నిర్బంధంలోని పిల్లల రక్షణకు 1997 నాటి ఫ్లోరెస్ ఒప్పందం ఉన్నా, 2018లో సరిహద్దు దగ్గర వేల మంది పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీశారు. ఏ బిడ్డ ఎవరి బిడ్డో లెక్క సరిగా రాసుకోకపోవడంతో తిరిగి కలపడానికి కోర్టులు ఏళ్ల తరబడి వెంటపడాల్సి వచ్చింది.

తెలుగు పాఠకుడికి ఇది ఎక్కడో ఉక్కు నగరపు గొడవ అనిపించవచ్చు. కానీ 2019లో అమెరికాలో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి విశ్వవిద్యాలయం వలలో పడి నిర్బంధంలోకి వెళ్లిన విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువాళ్లే. అప్పుడు వాళ్లను మనుషుల్లా చూడాలని ఇక్కడి నుంచి అడిగాం, మన దేశం దౌత్య నిరసన కూడా తెలిపింది. మరి 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచే పారిపోయి గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయ ఆదివాసుల సంగతేమిటి? వాళ్లు సాటి భారత పౌరులు. అయినా 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచలో వాళ్ల ఇళ్లను అటవీ సిబ్బంది కూల్చారు. తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేక వాళ్ల పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రాలు దొరకడం లేదు. పౌరసత్వం ఉన్న బిడ్డకే ఈ గతి పడితే అది లేని బిడ్డ గతి ఊహించవచ్చు.

దుర్గ్‌లో చేయాల్సింది పెద్ద పని కాదు. తనిఖీకి వెళ్లే బృందం వెంట బాలల సంరక్షణ విభాగం మనిషి ఉండాలి. పట్టుబడిన కుటుంబంలో మైనర్లు, గర్భిణులు, జబ్బు మనుషులు ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా సంక్షేమ కమిటీకి తెలపాలి. తల్లిని బిడ్డ నుంచి వేరుచేయకుండానే, జాతీయత తేలేవరకూ ఠాణాలో హాజరు వేయించుకునే షరతుతో నిర్బంధం వెలుపల ఉంచాలి. పంపేయాలని నిర్ణయిస్తే, ఆ ఉత్తర్వు మీద కోర్టుకు వెళ్లే వ్యవధీ లాయరూ దొరకాలి. నిర్బంధ కేంద్రాల్లో ఎంతమంది పిల్లలున్నారో, ఎన్ని రోజులుగా ఉన్నారో రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా పేర్లు లేకుండా ప్రకటించాలి. అరెస్టుల సంఖ్యను అంత శ్రద్ధగా పత్రికలకు అందిస్తున్నవారికి ఈ సంఖ్య ఇవ్వడానికి అదనపు సిబ్బంది ఏమీ అక్కర్లేదు.