ఈ పరీక్ష సుగ్గికి పోయే కూలీకి అందాల

కోసిగి, పెద్దకడుబూరు పల్లెల నుంచి ఏటా వేలమంది సుగ్గికి పోతారు. గుంటూరు మిరప చేలల్లో గుడారాలు వేసుకొని నెలల తరబడి ఉంటారు. రెండు వారాలుగా దగ్గుతున్న కూలీని కళ్ళె పరీక్ష చేయించుకోమంటే ఏమంటాడు? "ఇచ్చేదానికి ఒకరోజు, రిపోర్టుకు ఒకరోజు. రెండు కూలీలు ఎవరిస్తారన్నా?" అంటాడు. రిపోర్టు చేతికి రాకముందే లారీ ఎక్కుతాడు. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల పనిలో దుమ్ము పీల్చే వాళ్లదీ ఇదే బాధ.

అందుకే సైన్సులో వస్తున్న ఒక మార్పును మనం తెలుసుకోవాల. వేడి ఊటల్లో బతికే సూక్ష్మజీవులున్నాయి. 1960లలో అమెరికాలో ఎల్లోస్టోన్ ఊటల్లో థామస్ బ్రాక్ కనుగొన్న జీవి ఎంజైమే పి.సి.ఆర్. పరీక్షకు ప్రాణమైంది. కానీ దానికి వేడిని మాటిమాటికీ పెంచి తగ్గించే ఖరీదైన యంత్రం కావాల. మన కరెంటు సంగతి చెప్పనక్కరలేదు.

కొత్త పద్ధతి వేరు. వైరస్‌లను తెగగొట్టడానికి బాక్టీరియాలు కత్తెరలాంటి ఎంజైములను వాడతాయి. ఆర్.ఎన్.ఏ. ముక్క ఆ కత్తెరకు చిరునామా చీటీ. చీటీలో ఉన్న రోగక్రిమి జన్యువు దొరికిందంటే కొన్ని కత్తెరలు పక్కనున్న పోగులను కూడా తెంపుతాయి. ఆ పోగులకు ముందే గుర్తు కట్టి ఉంచుతారు గనుక రోగం బయటపడుతుంది. మామూలు కత్తెర 37 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. జన్యువును పెంచే పనికి 60 డిగ్రీల వేడి కావాల. అక్కడ అది చెడిపోతుంది, కాబట్టి రెండు పనులు విడివిడిగా చేయాల్సి వస్తుంది. వేడిని కోరే ఆలిసైక్లోబాసిల్లస్ జీవి కత్తెర మాత్రం 60 డిగ్రీలకూ నిలుస్తుంది. ఒకే గొట్టం, ఒకే వేడి, నీళ్ల తొట్టె చాలు. 2020లో అమెరికాలో ఫెంగ్ జాంగ్ బృందం కరోనాకు ఇట్లా చేసి చూపింది.

మన దేశం వెనకబడిందేమీ లేదు. ఢిల్లీలోని ప్రభుత్వ సంస్థ ఐ.జి.ఐ.బి.లో దేబజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతి ఇదే కోవలో ఫెలూదా పరీక్షను తయారుచేశారు. 2020 సెప్టెంబరులో అనుమతి వచ్చింది. దాని కత్తెర వేడి జీవిది కాదు, అది వేరే మాట. పరిశోధనకు పెట్టింది ప్రజల సొమ్ము. తయారీ మాత్రం టాటాల చేతికి పోయింది. మన ఊరి పి.హెచ్.సి.కి ఏం వచ్చిందో మీరే పోయి అడగండి.

బ్యాటరీతో నడిచే ట్రూనాట్ యంత్రం గంట లోపో, కొంచెం అటూ ఇటూగానో క్షయను తేలుస్తుంది. పల్లెలో ఇది కుదరదనే మాట ఇక చెల్లదు.

సుగ్గి మొదలయ్యే ముందే ఊళ్లలో పరీక్ష జరగాల, పొద్దుగుంకేలోగా ఫలితం చెప్పాల, ఆ రోజు కూలి ప్రభుత్వం ఇవ్వాల, పోయిన చోట మందులు అందాల. వేడి జీవుల పరీక్ష క్షయకు సిద్ధమైన నాడు దాన్ని ప్రభుత్వ రంగంలోనే తయారుచేయాల. ఈలోగా ఏ పి.హెచ్.సి.లో ల్యాబ్ టెక్నీషియన్ లేడో మండలాలవారీగా లెక్క తీసి సంఘానికి పంపండి.