బాంబుకు మతమేది?

1998 మే 11, 13 తేదీలలో భారత ప్రభుత్వం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది. అదే నెల 28, 30 తేదీలలో పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో జరిపింది. ఆ మర్నాటి నుండి కార్యాలయాలలో, టీ దుకాణాలలో మా వంటివారికి ఒకటే పలకరింపు: "ఏం సాయిబుగారూ, మీ బాంబూ పేలిందటగా!" ఆనాడు తలవంచుకుని ఊరుకున్నాము. నేడు ఊరుకోదలచలేదు.

ఆ బాంబు మాది కాదు. 'ఇస్లామిక్ బాంబు' అన్న మాటే అసత్యం. 1964లో చైనా అణుపరీక్ష జరిపింది. దానిని చూసి భారత్, భారత్‌ను చూసి పాకిస్తాన్ ఆ దారి పట్టాయి. 1971 యుద్ధంలో తూర్పు భాగాన్ని కోల్పోయిన పాకిస్తాన్ 1972లోనే పని ప్రారంభించింది. 1974 నాటి పోఖ్రాన్ పరీక్ష దానికి ఆజ్యం పోసింది. రాజ్యాలను బాంబు వైపు నడిపేది భయమూ, ప్రతిష్ఠా, మతగ్రంథం కాదు. వర్ణవివక్ష పాలనలో దక్షిణాఫ్రికా ఆరు బాంబులు చేసుకున్నదీ భయంతోనే. అంగోలా నుండి క్యూబా సేనలు వెనుదిరగడం మొదలై, ప్రచ్ఛన్నయుద్ధం ముగియవచ్చేసరికి వాటిని విప్పివేసింది.

మతమే కారణమైతే కజకిస్తాన్ మాటేమిటి? అది ముస్లింలు అధిక సంఖ్యలో గల దేశం. అక్కడి సెమిపలాటిన్‌స్క్‌లో సోవియట్ ప్రభుత్వం నలభై యేళ్లలో 450కి పైగా అణుపరీక్షలు జరిపింది. 1989లో కవి ఒల్జాస్ సులేమెనోవ్ పిలుపునివ్వగా జనం కదిలారు. 1991 ఆగస్టు 29న ఆ కేంద్రం మూతపడింది. తన గడ్డపై మిగిలిన వెయ్యికి పైగా అణ్వస్త్రాలను 1995 నాటికి ఆ దేశం రష్యాకు తరలించింది. వాటి తాళాలు మాస్కో చేతిలో ఉన్న మాట నిజమే. అయినా, అట్టిపెట్టుకోవాలన్న ప్రలోభాన్ని జయించిన మాటా నిజమే.

"1994లో బుడాపెస్ట్ హామీని నమ్మి అణ్వస్త్రాలు వదులుకున్న ఉక్రెయిన్ గతేమైంది?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే మాట తప్పినదెవరు? ఆ హామీపై సంతకం చేసిన అణురాజ్యమే. నేరం నమ్మినవారిది కాదు, వంచించినవారిది.

పోఖ్రాన్ బాంబును హిందూ బాంబని మేము అనము. పొరుగుదేశపు బాంబును మా నెత్తిన రుద్దే హక్కు ఎవరికీ లేదు. మా యువకులకూ ఒక మాట: ఏ దేశపు బాంబును చూసీ మీసం మెలివేయకండి. హిరోషిమాలో మంట ఎవరి మతమూ అడగలేదు.