ఫోన్లో రెండింతలు కనపడిన దుడ్లు

రైతన్నలూ, ఈ పొద్దు వానల మాట కాదు, ధరల మాట కాదు. ఫోన్లో కనపడే మన దుడ్ల లెక్క మాట. మనకేం సంబంధంలే అని దాటేయొద్దండి. పత్తికొండ పక్క చూసినా, పులివెందుల పక్క చూసినా, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసే ఇండ్లు తక్కువేం లేవు. వాళ్లు అమ్మ పేరున, నాయన పేరున నెలనెలా మ్యూచువల్ ఫండ్లు కడుతున్నారు. లెక్క చూసుకోమని ఫోన్లో ఒక యాప్ పెట్టిస్తున్నారు. నాకూ మావాడు అట్లనే పెట్టిచ్చినాడు.

పోయిన ఎండాకాలం నా బోరు ఎండిపోయింది. కొత్తది వేస్తే తొమ్మిది వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. రిగ్గు బండి ఇంకా చేన్లోనే ఉంది. ఇంకో పాయింటు వేద్దామా అని వాళ్లడిగితే ఫోన్ తీసి చూసినా. 5 లక్షల 12 వేలు అని ఉంది. వేయండప్పా అన్నా. రెండో పాయింటులో నీళ్లు పడినాయి, అది నా అదృష్టం. కానీ దుడ్లు తీద్దామని పోతే ఉన్నది 3 లక్షల 30 వేలే. మిగతా 1 లక్షా 82 వేలు ఎవరూ ఎత్తుకుపోలేదు. అవి అసలు ఎప్పుడూ లేవు. మోటారుకూ పైపులకూ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా. ఆ వడ్డీ ఇంకా కడుతూనే ఉండా.

జరిగింది ఇది. మొదట్లో రెండు ఫండ్లు నేనే చేత్తో యాప్‌లో రాసుకున్నా. తర్వాత మావాడు పాన్ నంబరు మీద వచ్చే ఉమ్మడి స్టేట్‌మెంటును అదే యాప్‌లోకి ఎక్కించినాడు. ఆ రెండు ఫండ్లే మళ్లీ వచ్చి కొత్త వరుసల్లో కూర్చున్నాయి. ఒకే మూటను రెండుసార్లు తూకం వేసినట్టు.

ఒకటే అని యాప్‌కు ఎందుకు తెలియలేదు? నేనూ అదే అడిగినా. కూర్చుని పోల్చి చూస్తే తెలిసింది. నేను 5,000 అని రాసినా. స్టేట్‌మెంటులో 4,999.75 అని ఉంది. 2020 జూలై 1 నుంచి ఫండు కొన్నప్పుడు నూటికి అర పైసా స్టాంపు డ్యూటీ పట్టుకుంటారు, ఆ పావలా అదే. నేను బ్యాంకులో దుడ్లు పోయిన తేదీ రాసినా. వాళ్లు యూనిట్లు ఇచ్చిన తేదీ రాసినారు, అది ఒకటి రెండు రోజులు అటూఇటూ ఉంటుంది. కొన్ని ఫోలియో నంబర్లకు గీత గీసి వెనకాల ఇంకో అంకె ఉంటుంది, దాన్ని నేను వదిలేసినా. పావలా తేడా, రోజు తేడా, ఒక అంకె తేడా. యాప్ దృష్టిలో అవి వేరే వేరే ఖాతాలు.

ఇంకో మాట వినండి. తప్పు తెలిసిన కోపంలో, జంటగా కనపడిన ప్రతిదాంట్లో ఒకటి తీసేద్దామనుకున్నా. మొత్తం ఆరు వరుసలు, మూడు జంటలు. మావాడు ఆపినాడు. మూడో జంట నిజంగానే రెండు. ఒకటి నేను బ్యాంకులో సంతకం పెట్టి కొన్న రెగ్యులర్ ప్లాను. రెండోది వాడు నేరుగా కట్టిన డైరెక్టు ప్లాను. 2013 జనవరి 1 నుంచి దాదాపు ప్రతి ఫండుకూ ఈ రెండు రకాలు ఉన్నాయి. పేరు ఒకటే, ఖర్చు వేరు, ధర వేరు. తీసేసి ఉంటే ఉన్న దుడ్లే లెక్కలో లేకుండా పోయేవి.

అందుకే నేను చెప్పేది ఒకటే. పేరు చూసి కాదు, నంబరు చూసి తేల్చాలి. ఇది మనకు తెలియని సంగతా? ఊర్లో ఒకే పేరోళ్లు ముగ్గురుంటే 1బీలో ఖాతా నంబరు చూడకుండా ఎవరి భూమి ఏదో చెప్తామా? సర్వే నంబరు ఒకటైనా సబ్ డివిజన్ చూడకుండా గట్టు వేస్తామా? చేను దగ్గర ఉన్న జాగ్రత్త ఫోన్ దగ్గర ఎందుకు పోయింది?

ఫోలియో నంబరు ఒకటే, ఐఎన్ఎఫ్‌తో మొదలయ్యే పన్నెండు అక్షరాల ఐఎస్ఐఎన్ ఒకటే, యూనిట్లు చుక్క తర్వాత మూడంకెల దాకా దాదాపు ఒకటే అయితే అది నకలు. గీత వెనకాల అంకె వదిలేసి చూసినా ఫోలియో వేరైతే గానీ, ఐఎస్ఐఎన్ వేరైతే గానీ అవి రెండూ నిజం, ముట్టుకోవద్దు. నకలు తీసేటప్పుడు చేత్తో రాసింది తీసేసి స్టేట్‌మెంటుది ఉంచండి. ముందు ఒక కాపీ దాచిపెట్టుకోండి. యాప్‌లో వరుస "తొలగించు" అంటే కాగితం చింపినట్టు, అసలు ఫండుకు ఏమీ కాదు. "రిడీమ్" అంటే మాత్రం అమ్మేసినట్టే. కొన్ని యాప్‌లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, వేలు పెట్టేముందు చదవండి.

స్టేట్‌మెంటు ఎంఎఫ్ సెంట్రల్‌లో గానీ, క్యామ్స్, కేఫిన్‌టెక్ సైట్లలో గానీ పైసా ఖర్చు లేకుండా మెయిలుకు వస్తుంది. సారాంశం కాకుండా వివరంగా ఉండేది, మొదటి నుంచి ఇప్పటిదాకా తేదీలు పెట్టి అడగండి. యాప్ మొత్తానికీ స్టేట్‌మెంటు మొత్తానికీ తేడా వస్తే స్టేట్‌మెంటునే నమ్మండి, ఒకటి రెండు రోజుల ధర తేడా తప్ప.

"అందుకేనప్పా ఈ ఫోన్లు మనకొద్దు, నోటు పుస్తకమే మేలు" అని మా బామ్మర్ది అంటాడు. నేను ఒప్పుకోను. పుస్తకంలోనూ ఒకే జమ రెండుసార్లు రాసుకున్నోళ్లను చూసినా. తప్పు ఫోనుది కాదు, రెండు దారుల్లో లెక్క ఎక్కించడంది. చేత్తో రాస్తే చేత్తోనే, స్టేట్‌మెంటుతో అయితే స్టేట్‌మెంటుతోనే. యాప్ చేసేవాళ్లకూ నాదొక మాట: అనుమానం ఉన్న వరుసలు ఉంటే, "ఇవి రెండూ ఒకటేనా" అని అడగకుండా మొత్తం చూపించొద్దండి. ఆ మొత్తం చూసే ఇక్కడ మనిషి రిగ్గుకు సరే అంటాడు.

పిల్లలకూ చెప్పండి. కట్టడం ఒక్కటే సాయం కాదు. పండక్కి ఊరికొచ్చినప్పుడు ఒక గంట కూర్చుని, అమ్మా నాయనలతో వరుస వరుసా సరిచూడడం అంతకన్నా పెద్ద సాయం. బోరు పాయింటు తప్పితే అది భూమి చేసిన మోసం. ఉన్న దుడ్లెంతో తెలియక అప్పుల్లో పడితే అది మనం చేసుకున్నది.